పేర్లు లేని బటన్లు

మా ఆయన చెవులతో సంపాదించే మనిషి. ముప్పై దాటాక చూపు పోయింది, దాంతోపాటే ఆఫీసు ఉద్యోగమూ పోయింది. ఆ తర్వాత, చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలను ఆడియోగా చేసే ఒక సంస్థలో పని దొరికింది. ఎవరెవరో తమ ఇళ్లలో కూర్చుని పాఠాలు చదివి పంపుతారు. వాటిలో దగ్గులుంటాయి, కుక్కర్ విజిళ్లుంటాయి, "సారీ, మళ్లీ చదువుతా" అనడాలుంటాయి. చిలకలగూడలోని మా రెండు గదుల ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని వాటన్నిటినీ కోసి తీసేయడం ఆయన పని.

అందుకు వాడేది ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్‌లోని ఒక గొంతు చదివి చెబుతుంటే, ఆయన కీబోర్డు మీదే అంతా నడిపిస్తారు. ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకునేవారంటే, పక్కనే ఉన్నా నాకు చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు తప్ప ఒక్క మాటా అందేది కాదు.

కళ్లను తిన్న జబ్బే చెవుల జోలికీ వచ్చిందని డాక్టరు చెప్పిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఎప్పటికి పూర్తిగా పోతాయో చెప్పలేనన్నాడు. మా ఆయన మాత్రం నా భుజం వెతుక్కుని పట్టుకున్నారు.

"ఏడ్వకు. చెవులున్నన్ని దినాలు నా పని నేనే చేస్కుంట. అంతే."

ఆ ఎండాకాలమే పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది కొన్నాం. ఏ.ఎస్. రావు నగర్‌లో రిపేరు షాపతను, "పాత సాఫ్ట్‌వేర్ దీంట్ల నడవది మేడం, దాని కొత్త వెర్షనే వేస్తున్న" అన్నాడు. కొత్తది చూడ్డానికి ముద్దుగా ఉంది. ఇంటికొచ్చి ఆయన కీ నొక్కారు. "బటన్" అంది గొంతు. ఇంకోసారి నొక్కారు. "బటన్." రికార్డు చేసేదేదో, కోసేదేదో తెలియదు. ఎటు వెళ్లినా బటన్, బటన్, బటన్. బటన్ల బొమ్మలు అందంగా మార్చిన మహానుభావులు, గొంతు చదవడానికి వాటికి పేర్లు రాయడం మరిచిపోయారు.

"ఏందిది? గల్లీల ఇండ్లన్నిటికి ఒక్కటే నంబరేసినట్టుంది" అన్నారు.

సాయంత్రాలు బడిలో పాఠాలు చెప్పి వచ్చి నేనే మౌస్ పట్టుకున్నాను. నేను కోస్తే వాక్యాల ముందున్న ఊపిరి కూడా ఊడిపోయేది. "ఊపిరి ఉంచాలె. అది కోస్తే సదివెటోళ్లు సచ్చిపోయినట్టుంటది" అని విసుక్కునేవారు. నాకూ విసుగే. పైగా, పక్కన పెళ్లాం ఉంటే తప్ప పని సాగకపోవడం ఆయన్ను లోపల్లోపల కోసేస్తోందని తెలుస్తూనే ఉంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫిర్యాదు రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. మేమంతా జీతాల్లేకుండా చేస్తున్నాం, వీలైతే మీరే సరిచేసి పంపండి అని. నాకు ఒళ్లు మండింది. మల్కాజ్‌గిరిలో ఇన్నేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, నాకు చేతకాదా అనుకున్నాను. ఆ కోపంలోనే, ఆ సాఫ్ట్‌వేర్ రాసిన కంప్యూటర్ భాష సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

కోపం ఒక వారానికి సరిపోయింది. ఆ తర్వాత మిగిలింది తలనొప్పి. కోడ్ అంతా కలిసి సాఫ్ట్‌వేర్‌గా తయారయ్యేలోపు నాకు వంట అయిపోయేది, తీరా వచ్చి చూస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు. ఒకరోజు నేను తల పట్టుకుని కూర్చుంటే ఆయన కుర్చీ జరుపుకుని, నా కోడ్‌ను ఆ గొంతుతో చదివించుకున్నారు.

"ఆగు. గా లైను చివర సెమికోలన్ ఏది? టీచరమ్మా, నీ తప్పులు సుత నేనే దిద్దాల్నా?"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్నుంచి నేను రాయడం, ఆయన వినడం. ఆ నెలలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు.

ఆ రోజుల్లోనే గొంతు చెప్పేది నాకు అందడం మొదలైంది. ముందు ఒకటీ అరా మాటలు, తర్వాత లైన్లకు లైన్లు. చెవి అలవాటు పడిందని మురిసిపోయాను. స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఒక ఆదివారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, ఏదో వెతుకుతూ ఆ గొంతు సెట్టింగులు తెరిచాను. ఎప్పుడూ కుడి చివర ఉండే వేగం గుర్తు సగం దాటి ఎడమకు జరిగి ఉంది. నాకు తెలియకుండా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. నా చెవి ఎక్కడిదక్కడే ఉంది. తగ్గుతున్నది ఆయన వినికిడి.

"ఎందుకు చెప్పలే మీరు?"

స్నానం నుంచి వచ్చి తల తుడుచుకుంటున్నారు. "చెప్తే పరేషాన్ అయితవని. నువ్వు జెర జల్దీ చెయ్యి."

జల్దీగానే చేశాను. పరీక్ష పేపర్లు దిద్దడం పక్కన పడేసి మరీ బటన్లన్నిటికీ పేర్లు పెట్టి పంపాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చూసి ఒప్పుకునే, సముద్రాలకు అవతల ఉన్న పెద్దమనిషి, ఈ పేర్లు అన్ని భాషల్లోకీ మార్చుకునేలా ఉండాలి, మళ్లీ రాయండన్నాడు. రాశాను. అతను సెలవుల మీద వెళ్లాడు. వచ్చి, కోడ్ లైన్ల ముందు ఖాళీలు సరిగ్గా వదల్లేదన్నాడు. తెలుగులో ఉన్న తిట్లన్నీ తిట్టుకుంటూ అదీ సరిచేశాను. అతనికి మా ఇంటి సంగతి తెలియదు పాపం. చివరికి ఒప్పుకున్నాడు, కొత్త వెర్షన్‌లో కలిపాడు.

అది రాగానే ఎక్కించి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని కీ నొక్కారు. గొంతు ఇప్పుడు ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు నిదానంగా పలుకుతోంది, అదీ హెడ్‌ఫోన్ దాటి పక్కనున్న నాకు వినిపించేంత గట్టిగా. "రికార్డ్ బటన్." నేను పెట్టిన పేరు. నా ఒళ్లు పులకరించింది.

ఆయన తల వంచి, హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకున్నారు. మళ్లీ నొక్కారు. మళ్లీ.

"పేరు చెప్తోందా?" అని చెవి దగ్గరికి వంగి అరిచాను.

"బటన్ అనుడు తెలుస్తుంది. ముందట ఏమంటుందో తెలుస్తలేదు."

హెడ్‌ఫోన్ తీసి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన ఒక్కో బటన్ మీదికి వెళుతుంటే, ఒక్కో పేరూ చెవిలో అరిచి చెప్పాను. రికార్డు, ఆపు, కోయి, అతికించు, దాచు. ఏడుపు ఆగలేదు, అరవడమూ ఆపలేదు. చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"పేర్లు మంచిగ పెట్టినవ్" అన్నారు. "ఇగ ఆ మిగిలిన పాఠాలు సంస్థోళ్లకు వాపస్ పంపియ్యి."