రాని సినిమాలో పాట

2023లో నాకు నచ్చిన పాటల్లో సినిమా పాట ఒక్కటీ లేదు. గొప్పకి చెప్పడం లేదు. అజ్మాన్ నుంచి దుబాయ్ ఆఫీసుకి ట్రాఫిక్‌లో పడి వెళ్లే ప్రాణానికి కొత్తది ఏదో ఒకటి వినిపించాలి కదా. విశాఖలో ఎవరో కుర్రాడు తన గదిలోనే రికార్డు చేసుకున్న పాటలు, హైదరాబాద్ అమ్మాయిల ర్యాప్, దొరికినవన్నీ విన్నాను. కచేరీలకీ వెళ్లాను. అబూధాబీ బీచ్‌లో పేరున్న విదేశీ బ్యాండు వాయిస్తుంటే, నా ముందు పైకి లేచిన ఫోన్లు చూసి ఇంటికొచ్చాను.

ఆ ఏడు నాకు మిగిలింది మాత్రం అజ్మాన్‌లో ఒక తెలుగు హోటల్ పైన ఉన్న హాలు. కుదిరిన ఆదివారం మధ్యాహ్నాల్లో అక్కడ మనవాళ్ల బ్యాండు వాయించేది. గిటారు వాయించేది నెల్లూరు మనిషి, ఏసీ మెకానిక్. పాడేది భీమవరం దగ్గరి నర్సు, చర్చిలో పాడి పాడి సానబట్టిన గొంతు. హాలు వెనకాల బిర్యానీ పెట్టేవారు.

ఆమె సొంతంగా పాటలు రాసుకునేది. డ్యూటీ దిగి, పొద్దున్నే బస్సు కోసం నిలబడటం గురించి ఒకటి రాసింది. మొదటిసారి "ఇది నా పాటండి" అని మొదలుపెట్టగానే సగం హాలు లేచి బిర్యానీ దగ్గరికి వెళ్లిపోయింది. మనవాళ్లకి పాటంటే దానికో సినిమా ఉండాలి, ఆ సినిమాకో హీరో ఉండాలి. ఆమె ముఖం చూడలేక గిటారతను ఉపాయం చెప్పాడు.

"రాబోయే సినిమాలో పాటని చెప్పక్కా, ఖలాస్. ఎవురడగతారు?"

నిజంగానే ఎవరూ అడగలేదు. ఏ హీరో నర్సుల బస్సు కోసం నిలబడతాడనుకున్నారో ఏమో, బుద్ధిగా కూర్చుని విన్నారు. తర్వాత్తర్వాత అడిగి మరీ పాడించుకున్నారు. చప్పట్లు పడ్డప్పుడు మాత్రం ఆమె అవి ఇంకెవరివో అన్నట్టు పక్కకి చూసేది.

డిసెంబరులో ఆమెకి ఐర్లండ్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఆఖరి కచేరీకి ముందు నన్ను పిలిచి, ఈసారి తన పాటని తన పాటగానే చెప్పి వెళ్లిపోతానని, ఆ ముక్క ఫోన్లో రికార్డు చేసిపెట్టమని అడిగింది. జనం మళ్లీ లేచి వెళ్లిపోతే ఎలా అన్నాను. వెళ్లనీయండి అంది.

ఆమె మైకు తీసుకోగానే ముందు వరసలో ఒకతను లేచి ఆ సినిమా పాట పాడమన్నాడు. అబూధాబీ అవతల మఫ్రఖ్ లేబర్ క్యాంపు నుంచి బస్సులు మారి వచ్చే తెలంగాణ మనిషి. ఎప్పుడొచ్చినా అతను అడిగేది ఆ పాటే.

"ఆ సినిమా లేదండి అన్నయ్యా. పాట నేనే రాసుకున్నానండి," అంది ఆమె.

"లేకపోవుడేందక్కా? మొన్న ఛుట్టీల ఊరికి పోయినప్పుడు చూసొచ్చిన."

హాలంతా నవ్వింది. ఇన్నాళ్లూ అబద్ధానికి ఇచ్చిన మర్యాద నిజానికి ఇవ్వకపోయేసరికి నాకు ఒళ్లు మండింది. ఆమె కోప్పడలేదు. సినిమాలో పాట ఎలా ఉందని అడిగింది.

అతను తల గోక్కున్నాడు. "పాట రాలేదక్కా. కొత్త సినిమా ఒకటొస్తే గదే అనుకొని పోయిన. ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తదని లాస్టు దాకా కూసున్న. నీ పాట కోసమే పోయిన గని, కోసేసినట్టున్నరు."

నవ్వులు ఆగిపోయాయి. గిటారు మొదలైంది, ఆమె పాట ఎత్తుకోలేదు. గిటారతను మళ్లీ మొదటికొచ్చాడు. అప్పుడూ అంతే. చివరికి పల్లవి ఆ మఫ్రఖ్ అతనే అందుకున్నాడు, శ్రుతి లేకపోయినా ఒక్క మాట తప్పకుండా. నాకు కన్నీళ్లొచ్చాయి. ఆమె రెండో లైనులో కలిసింది.

నా ఫోన్లో ఉన్నది అదే. ఆ ఏడు అన్నిటికంటే నచ్చిన పాటేదని ఎవరైనా అడిగితే అది వినిపిస్తాను. ఏ సినిమాలోది అంటారు. నేను ఆమె పేరు చెబుతాను.