అత్తమ్మ ముక్కు మీద నీహారిక

మా అక్క పెళ్లి దాదాపు చెడగొట్టిన ఘనుణ్ణి నేనే. ఆ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు గానీ, ఎలా చెడగొట్టబోయానో మాత్రం ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, చాలా రోజులు నాకూ అర్థం కాలేదు. ఇప్పుడు వయసు పెరిగి సిగ్గు తగ్గింది కాబట్టి వరసగా చెబుతాను.

తోకచుక్క వచ్చిపోయిన మరుసటి ఏడు. షోలాపూర్‌లో మా నేతవాళ్ల వాడలో, పగలంతా పవర్‌లూమ్ మీద దుప్పట్లు నేసి సాయంత్రమైతే ఆకాశం కేసి నోరు తెరిచే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్లవాణ్ణి. అద్దం నా చేతులతో అరగదీసి దుర్భిణీ చేసుకున్నాను. దాన్ని తిప్పే పళ్లచక్రాలు పాత మగ్గానివి. చూసినవాళ్లు అది ఫిరంగి అనుకోవాలో, నీళ్ల పైపు అనుకోవాలో తేల్చుకోలేకపోయేవాళ్లు.

గొల్లకావడి అని మూడు చుక్కలు వరసగా ఉంటాయి, చూసే ఉంటారు. వాటి కింద మసకగా ఒక మరక. అదే నీహారిక, చుక్కలు పుట్టే మబ్బు. దాని ఫోటో తియ్యాలంటే కెమెరాను దుర్భిణీ వీపున కట్టి ఐదు నిమిషాలు కన్ను తెరిచి ఉంచాలి. ఆ ఐదు నిమిషాలూ నేను దుర్భిణీలోకి చూస్తూ, ఒక చుక్క పక్కకు జారకుండా చక్రం తిప్పుతూ ఉండాలి. చిక్కేమిటంటే, కింద మగ్గాలు నడుస్తున్నంతసేపూ మా గచ్చి, అంటే మేడ పైకప్పు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. అందుకని కరెంటు పోవడం కోసం కాచుకునేవాణ్ణి. దీపాలారి వాడంతా తిట్లు లంకించుకునే వేళకు నేనొక్కణ్ణే సంబరంగా మెట్లెక్కేవాణ్ణి.

"ఏడికిరా ఉరుకుతున్నవ్?" అంది అమ్మ ఒకనాటి సాయంత్రం, గడపలో కూర్చుని బీడీలు చుడుతూ.

"నీహారిక అచ్చింటదే అమ్మా, ఫోటో తియ్యాలె!"

అమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది. "ఎవలి బిడ్డరా అది? లైట్ పోంగనే గచ్చి మీదికి అస్తదా?"

"బిడ్డ కాదే, మబ్బు!"

"మబ్బో గిబ్బో, ముందుగాల అక్క పెండ్లి కానియ్యి. తర్వాత నీది సూద్దాం."

ఆ నీహారిక ఏ పేట్ పిల్లో అమ్మ ఇంకా రెండు నెలలు వాకబు చేసిందని తరవాత తెలిసింది.

అక్క లక్ష్మికి జోడ్‌భావి పేట్‌లో సంబంధం కుదిరింది. సాకర్‌పుడా, అంటే చక్కెర పంచి మాట ఖాయం చేసుకునే వేడుక, మా ఇంట్లోనే జరిగింది. ఫోటోలు నేనే తీశాను. ఫిల్ము కడగడం కూడా నేనే. చీకట్లో కడిగే డబ్బాలోకి ఎక్కించడం తేలికని, వాడిన రీలు వెనక్కి చుట్టేటప్పుడు కొస కాస్త బయటికి వదిలేవాణ్ణి. కొత్త రీలుకు కూడా కొస బయటికే ఉంటుంది. రెండింటినీ ఒకే గూట్లో పక్కపక్కన పెట్టాను. మీకు అప్పుడే నవ్వొస్తోందంటే మీరు నాకంటే తెలివైనవాళ్లు.

ఆ మర్నాటి నుంచి వారం రోజులు, కరెంటు పోయినప్పుడల్లా నీహారికను తీస్తూ రీలంతా నింపాను. మోరీలో, అంటే స్నానాల గదిలో, చీకటి చేసుకుని కడిగి, వెలుతురులో పట్టుకుని చూస్తే గుండె ఆగినంత పనైంది. చుక్కలున్నాయి, నీహారిక ఉంది. వాటి వెనక ఫిల్ము నిండా పెద్ద పెద్ద మబ్బులు, గుండ్రంగా, ఒత్తుగా! ఏ పటంలోనూ లేనివి!

తడి ఆరకుండానే పట్టుకుని మా సైన్సు సారు దగ్గరికి పరిగెత్తాను. సారు మరాఠీ మనిషి. మాట్లాడిందంతా మరాఠీలోనే గానీ మీకోసం తెలుగు చేస్తున్నాను.

"సార్, ఈ మబ్బులు ఇంతవరకూ ఎవరూ చూడనివి!"

సారు భూతద్దం పెట్టి చూశారు. ఫిల్మును తలకిందులు చేసి చూశారు. మళ్లీ చూశారు.

"ఈ మబ్బుకు మీసాలున్నాయి రా."

"ఉండొచ్చు సార్. ఆ పక్కనే గుర్రం తలలాంటి మబ్బు ఉందని మీరే చెప్పారు. మబ్బుకు గుర్రం తల ఉండగా లేనిది, దీనికి మీసాలుంటే ఏం?"

"చెవులు కూడా ఉన్నాయి. మెడలో దండ ఉంది." సారు కళ్లజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "ఒరే, ఇది మీ నాన్న కదూ?"

చూద్దును కదా, మా నాన్నే! కన్నతండ్రిని ఆకాశగంగలో కలిపేసి కొత్త మబ్బు కనిపెట్టానని ఊరేగాను. ఇంటికొచ్చి ఆ రెండో రీలు కడిగితే అది నా బుర్రలాగే ఖాళీగా ఉంది. సాకర్‌పుడా ఫోటోల మీదే ఆకాశాన్ని తీశానన్నమాట.

అక్క ఒక పూట ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, "ఎట్లున్నా సరే, అచ్చువెయ్యి. భివండి ఆమెకు పంపియ్యాలె" అంది. భివండి ఆమె అంటే పెళ్లికొడుకు మేనత్త. జబ్బు చేసి వేడుకకు రాలేక, ఫోటో కోసం ఉత్తరం మీద ఉత్తరం రాస్తోంది. ఉన్నవాటిలో అక్క ముఖం మీద ఒక్క చుక్కా పడని ఫోటో ఒకటి దొరికింది. అందరూ నిలబడి ఉన్నారు. అక్క ముఖం చూసుకుని మురిసిపోయాం. మిగతా ముఖాలు ఎవరు చూస్తారు? టపాలో పంపేశాం.

పది రోజులకు ఆ భివండి ఆమే, నాకు వరసకు చిన్నమ్మ, రైలు దిగింది. జబ్బు ఎటు పోయిందో గానీ, నేరుగా అన్న ఇంటికి వెళ్లి ఫోటో నేలకేసి కొట్టిందట. మమ్మల్ని పిలిపించారు. వెళ్లేసరికి పంచాయితీ మంచి కాక మీదుంది.

"నేను బీమారుంటే నాకు చెప్పకుంట పిల్ల తరఫోల్లు వదినెకు రవ్వల ముక్కుపుల్ల వెట్టిండ్రు! ఖరం హై కి నై, నిజమా కాదా చెప్పున్రి!" అంటోంది చిన్నమ్మ.

"నా ముక్కుకు పొక్కనే లేదే తల్లీ! సూడు, ఇగో!" అని పెళ్లికొడుకు తల్లి, మా అత్తమ్మ, ముక్కు ముందుకు చాపింది.

"మరి ఫోటోల గదేంది? గంత మెరుస్తున్నది! మా అన్నకు సుత కోటు మీద మూడు మెడల్లు ఇచ్చిన్రు!"

"నాకు మెడల్లు ఎవ్వలిచ్చిన్రే?" అని పెళ్లికొడుకు తండ్రి, మా మామ, తన కోటు తడుముకున్నాడు.

ఫోటో చేతికి తీసుకున్నాను. అత్తమ్మ ఎడమ ముక్కు మీద, సరిగ్గా కుట్టించుకునే చోట, ధగధగా నా నీహారిక. మామ నల్లకోటు మీద వరసగా గొల్లకావడి.

"అది ముక్కుపుల్ల కాదు చిన్నమ్మా, నీహారిక" అన్నాను.

"ఎవలిదైతేంది! ఆమె ముక్కుపుల్ల ఈమెకెందుకు వెట్టిండ్రు?"

మా అమ్మ నా వైపు తిరిగి, "నాకు ఎర్కనేరా, ఆ పిల్లతోని లొల్లి అయితదని!" అంది.

ఎవరు ఎవరి మాట వింటున్నారో తెలియలేదు. చివరికి మామ చెయ్యి పైకెత్తాడు. "గీ ముచ్చట తేలేదాంక పెండ్లి మాట బంద్." అక్క ముఖం పాలిపోయింది. "ఇయ్యాల్టి పొద్దుగూకినంక అందరు మా గచ్చి మీదికి రాండ్రి. మీ కండ్లకే సూపిస్త" అన్నాను.

వచ్చారు. ఆ రోజే కరెంటు పోలేదు! నాన్న కాళ్లావేళ్లా పడి మగ్గాలు ఆపించాడు. ముందు చిన్నమ్మ కన్ను పెట్టింది.

"ఏం కనవడ్తలేదు... ఆఁ, ఆగు... తెల్లగ, పిట్ట రెక్కలు సాపినట్టు..." తల ఎత్తి, "వదినే, ఇది నీ ముక్కు మీదనే మంచిగుండె" అంది మెత్తగా.

తరవాత అత్తమ్మ చూసింది. ఎంతకీ కన్ను తియ్యదు. తీశాక మామ వైపు తిరిగింది. "ఏమయ్యో, ఫోటో భివండి దాంక పోయింది. పెండ్లిల ఉత్త ముక్కుతోని నిలవడ్తె అమ్ముకున్నరంటరు. అచ్చం గిసొంటిదే చేపియ్యి."

"ఆకాశంల ఉన్నది నేను ఏడికెల్లి తేవాలె?"

"గా పిలగాడు నక్ష గీసిస్తడు."

గీసిచ్చాను. అత్తమ్మ ఆ వయసులో ముక్కు కుట్టించుకుంది. కంసాలి నా నక్ష చూసి ఇది పిట్టో, గోబీ పువ్వో చెప్పమని మూడుసార్లు కబురు పెట్టాడు. మామ అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు. మెడల్సున్న ఆ ఫోటోకు మాత్రం చట్రం కట్టించి నట్టింట్లో తగిలించుకున్నాడు.

పెళ్లికి స్టూడియో ఆయన్ను పిలిచారు. నేను బుద్ధిగా ఓ మూల నిలబడ్డాను. అక్షింతలయ్యాక చూస్తే, చిన్నమ్మ వెంట అరడజను మంది ఆడవాళ్లు నా ముందు వరస కట్టి ఉన్నారు, ఎడమ ముక్కులన్నీ నా కేసి తిప్పి.

"గాయిన ఉత్త ముక్కులు దీస్తుండు పిలగా. నువ్వు దియ్యి. నాది జర పెద్దది పడేటట్టు సూడు!"

ఆ వరసను సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను: ఈ కట్టె కాలే దాకా, నా చేత్తో, నా కెమెరాతో, చుట్టాలనూ చుక్కలనూ ఒక్క రీలులో కలపనని.