పడవ ఉన్నచోట కుడివైపు

గోదావరి మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

పాలకొల్లుకు దిగువన, కాలవగట్టు మీది ఒక బడిలో నేను పంతుల్ని. బడి వెనక గదిలోనే కాపురం. కాపురమంటే నేనూ, ఒక బియ్యపు కుండా. ఊళ్ళో అందరూ దండం పెట్టేవారు, ఎవరూ ఇంటికి రమ్మనేవారు కాదు. పంతులుగారు మనింటికి వస్తారా అని వాళ్ళ మొహమాటం. పిలవందే ఎలా వెళ్ళడమని నాది.

అప్పట్లో రాత అంటే వాచకం చూసి దిద్దడమే. నేను మాత్రం అన్ని పాఠాల్లోనూ రాయించేవాణ్ణి. లెక్కయితే జవాబు ఎలా వచ్చిందో మాటల్లో రాయాలి. పక్షుల పాఠమైతే, కొంగను చూడనివాడికి కొంగ కనబడాలి. భూగోళం రోజున, "బడి నుంచి మీ ఇంటికి దారి రాయండిరా. కొత్తవాడు చదువుకుంటూ మీ గుమ్మం చేరాలి" అన్నాను. ఆ కొత్తవాడు నేనేనని చెప్పలేదు. రాత సరిచూసే వంకతో గుమ్మం దాకా వెళ్తే, ఎవరో ఒకరు లోపలికి రమ్మనకపోతారా అని నా ఆశ.

మొదటి పలక మీద, "మా గేదె దగ్గర తిరగండి" అని ఉంది. వెళ్ళేసరికి గేదె నడుస్తోంది. అది తిరిగినచోటల్లా తిరిగి సంతలో తేలాను.

మరునాడు జాలరివాళ్ళ పిల్లవాడి పలక చదువుకుని బయలుదేరాను. "గట్టెంట రండి. మా పడవ ఉన్నచోట కుడివైపు దిగితే మా ఇల్లు." గట్టంతా నడిచాను. పడవ లేదు. కింద అన్నీ ఒకేలాంటి తాటాకు పాకలు. పొద్దువాలేదాకా కూర్చున్నాను. అప్పుడు వచ్చింది పడవ, ఇంటిల్లిపాదితో.

"ఇక్కడ కూకున్నారేంటండీ పంతులుగారూ?" అన్నాడు తండ్రి.

"మీవాడి భూగోళం దిద్దుతున్నాను."

"భూగోళం మా గట్టుమీదకొచ్చిందేంటండి! రండి, లోపలికి రండి. ఒసేయ్, చాపెయ్యి!"

ఆ చాప మీద కూర్చుని కడుపునిండా కబుర్లు చెప్పాను.

మర్నాడు బడిలో పిల్లవాణ్ణి మందలించాను. "కదిలేదాన్ని గుర్తుగా రాస్తారుట్రా?"

"పడవ లేనప్పుడు ఇంట్లో ఎవరం ఉండమండి. అప్పుడొచ్చి ఏం చేత్తారండి?"

గోదావరి మీద ఒట్టు వేశాను కనుక చెప్పేస్తున్నాను. గేదె సంగతి కోతలు కోశానని మీరనుకుంటారు, కానీ అది జరిగిందే. పిల్లవాడి జవాబూ నిజమే. పడవ రావడమూ, ఆ పిలుపూ, ఆ చాపా మాత్రం నా కల్పన. ఆ రోజు చీకటి పడ్డాక గట్టు మీంచి లేచి, గదికి వచ్చి, ఒక్కడికి సరిపడా ఎసరు పెట్టుకున్నాను. తెల్లారేసరికి పిల్లలు పలకలు తుడిచేశారు. మళ్ళీ వెళ్ళడానికి వంక దొరకలేదు.

నేను వచ్చి కూర్చున్నట్టు ఆ ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ తెలియదు.