పైన తీసేస్తే కింద మిగలదు

ఈ రోజు ఒమన్‌లో, సోహార్‌లోని మా కంపెనీ ఆఫీసులో గొప్ప పొదుపు జరిగింది. రేపటి డ్యూటీ బస్సు లిస్టు సరిచూడటానికి కంప్యూటర్‌లో టెక్స్ట్ ఎడిటర్ తెరిచి, ఒకే ఫైలును రెండు విండోల్లో తెరిచాను. పైన లిస్టు మొదట్లోని పేర్లు, కింద లిస్టు చివర్లోని పేర్లు. చాయ్ తాగి వచ్చేసరికి మా సూపర్‌వైజర్, జగిత్యాల రాజన్న, నా కుర్చీలో ఉన్నాడు. రెండు విండోలూ ఖాళీ. లిస్టులో పేరు లేనివాణ్ణి ప్లాంటు గేటు దగ్గరే బస్సులోంచి దించేస్తారు.

“అన్నా, పేర్లేవి?”

“ఒక్క లిస్టే రెండుసార్లు పెట్టినవ్. పైది తీసేసిన. కిందిది గూడ ఎటో పోయింది.”

“ఆ రెండూ ఒకే ఫైలు అన్నా!”

“ఒక్కటే అయితే రెండెందుకు పెట్టినవ్?”

పక్కనుంచి వంగి, చెరిపింది వెనక్కి తెచ్చే అన్‌డూ నొక్కాను. పేర్లన్నీ పైనా కిందా ఒకేసారి తిరిగొచ్చాయి.

“అరె, మళ్ల రెండైనయ్!” అంటూ రాజన్న చెయ్యి చాపాడు. మౌసు పీకి జేబులో వేసుకున్నాను.

రేపు రాజన్న అద్దంలో చూసుకుని, ఒక మనిషి ఎక్కువున్నాడని తన పేరే కొట్టేస్తాడేమో. మీ ఆఫీసుల్లోనూ ఇలాంటి పొదుపరులుంటే, మౌసు ఎక్కడ దాస్తున్నారో కాస్త చెప్పండి.