మూడు కొటేషన్ల ఇల్లు

మా ఆయన రిటైరయ్యాక, ఆర్.కె. పురంలో క్వార్టర్ ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది. ఇన్నేళ్లు ఉన్న ఢిల్లీ వదలబుద్ధి కాక, దాని పక్కనే ఉన్న ఇందిరాపురంలో ఫ్లాట్ కొనుక్కుందామనుకున్నాం. ముందు నమ్మకమైన ప్రాపర్టీ డీలర్ దొరకాలి. ఉద్యోగమంతా కొనుగోళ్ల విభాగంలోనే చేసిన మనిషికి డీలర్‌ని ఎంచుకోవడం ఓ లెక్కా అనుకున్నాను.

మూడు కొటేషన్లు తెప్పించనిదే ఆఫీసుకి చీపురు కూడా కొనని మనిషాయన. ఇంటికీ అదే రూలు పెట్టారు. ముగ్గురు డీలర్లను, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పిలిచి, ముగ్గురికీ ఒకటే చెప్పారు: తూర్పు ముఖం, మూడు పడకగదులు, మెట్రోకి దగ్గర.

నాకైతే పండగే. పరాయివాళ్ల ఇళ్లలోకి తొంగిచూడటం చిన్నప్పటి నుంచీ నాకు సరదా. పెళ్లిచూపులకు వెళ్లినా పిల్లకంటే ముందు వంటగది చూసే రకాన్ని. ఖాళీ ఫ్లాట్లలో మనుషులు వదిలిపోయినవి చూస్తూ తిరిగాను: దేవుడి పటాల మేకులు, తలుపు చట్టం మీద పిల్లల ఎత్తు గీతలు, ఒకచోట గోడ నిండా నక్షత్రాల స్టిక్కర్లు.

మొదటి డీలర్ చూపించిన వాటిలో నాలుగో అంతస్తు ఫ్లాట్ ఒకటి నా మనసు లాగేసింది. ఓనరు ఆవిడ పుణెలో ఉంటుంది, తాళం గార్డు దగ్గర. కుళాయిలన్నీ తిప్పి చూశాను. వంటగట్టుని మూరతో కొలుచుకున్నాను. కొన్నాళ్లకు రెండో డీలర్ వేరే గేటు నుంచి తీసుకెళ్లి అదే ఫ్లాట్ తెరిచాడు. మూడో అతనూ అదే. ప్రతిసారీ "అచ్ఛా, బాగుందే!" అంటూ ఏమీ ఎరగనట్టు చూశాను. ప్రతిసారీ ఇంకాస్త నచ్చింది.

ఇంతలో ఆ ఫ్లాట్ ధర పెరిగింది. పోటీ ఉందని ముగ్గురూ చెప్పారు. "మార్కెట్ లేచిందోయ్, ఇది మనకి అందదు" అని మా ఆయన దిగాలుపడ్డారు. నాకూ దిగులేసింది గానీ, ఆ పోటీకొచ్చిన వాళ్లెవరో తెలిసేదాకా అన్నం సహించదు. ముగ్గురి కొట్లకూ వెళ్లి అడిగాను. మొదటి ఇద్దరూ "చాలామంది ఉన్నారు ఆంటీజీ" అని తప్పించుకున్నారు. మూడో అతను చాయ్ తెప్పించి, వేరే షిఫ్టు గార్డు చెప్పిన కబురు చెప్పాడు.

"వేరే డీలర్‌తో ఒక మేడమ్ వచ్చిందట ఆంటీజీ. కుళాయిలన్నీ తిప్పుతుందట. వంటగట్టుని చేత్తో కొలుస్తుందట. ఆవిడ కొనేసేలా ఉంది, మీరు తొందరపడండి."

చాయ్ పొలమారింది. "ఆ మేడమ్ నేనే భయ్యా!"

ముగ్గురు డీలర్లతోనూ వెళ్లి చూశానని చెబితే, అతను నోరు తెరిచి చూసి, తర్వాత పగలబడి నవ్వాడు. ముగ్గురు డీలర్లూ పార్టీ ఉందని ఫోన్ చేసేసరికి, కొనేవాళ్లు ముగ్గురున్నారనుకుని ఓనరు రేటు పెంచిందట. మా మీద మేమే పోటీకి దిగామన్నమాట.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ప్రొసీజర్ ప్రకారమే కదా చేశాను" అని గొణిగారు.

"మీ చీపుర్లకి పుణెలో కూర్చుని రేటు పెంచే ఓనరు లేదండీ."

"సరే, ముగ్గురిలో ఎవర్ని ఉంచుదాం?"

"మూడో అతన్నే. పోటీ ఉందని ముగ్గురూ అన్నారు. నిజంగా ఉన్న మనిషి గురించి చెప్పింది అతనొక్కడే."

అతను మా ఎదుటే ఓనరుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "ముగ్గురు కాదు మేడమ్, ఒకటే పార్టీ. ముగ్గురు డీలర్లతో వచ్చారంతే" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక పాత ధరకు దిగొస్తుందని మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఆవిడ నెమ్మదిగా అడిగింది. "ఒకే మనిషి మూడుసార్లూ వచ్చి చూసిందా?"

"హాఁ జీ."

"అయితే ఆవిడ ఈ ఇల్లు వదులుకోదు. రేటు తగ్గించను."

అదేం లేదని చెప్పు అన్నట్టు మా ఆయన నా వైపు చూశారు. ఏ గదిలో ఏ బీరువా పెట్టాలో అప్పటికే తేల్చేసుకున్నాను.