లమున్ అత్త బల్లి యోగక్షేమాలు

లమున్ అత్త నోట్లోంచి ప్రశ్న తప్ప మరో రకం వాక్యం రాదు. నఖోన్ సవన్ ఊళ్ళో మా సందులో కాపురముంటున్న పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ దీనికి సాక్షులు. వాన పడుతుంటే అందరూ "వానొచ్చింది" అని లోపలికి పరిగెడతారు. అత్త మాత్రం నడిసందులో నిలబడి, తడిసి ముద్దవుతూ, "వాన గానీ వస్తోందా ఏం?" అని అడుగుతుంది.

సందు మొదట్లో కొబ్బరిపాల పొంగణాలు వేసి అమ్మడం ఆవిడ పని. కొనడానికి వెళ్ళినవాడు ఓ పావుగంట చేతిలో పెట్టుకుని వెళ్ళాలి.

"ఎవరికి? మీ ఆవిడకా? పన్ను నొప్పన్నావుగా, తగ్గిందా? ఏ పన్ను? పైదా కిందిదా? పీకించారా?"

ఈలోగా పొంగణాలు మాడతాయి.

"అయ్యో, మాడ్చేశావేంటత్తా!"

"నువ్వు జవాబు తొందరగా చెప్పలేవా?"

ఆ బల్లిని కూడా ఆవిడ అడిగి అడిగే సంపాదించింది. అత్త ఇంటి మేడమీది గదిలో ఓ కాలేజీ అమ్మాయి అద్దెకుండేది. గాజుపెట్టెలో బల్లిని పెంచేది. జానెడు పొడుగు, పసుప్పచ్చటి ఒళ్ళు, ఒంటినిండా నల్లమచ్చలు, ముల్లంగిలా బలిసిన తోక. గోడలమీద ఊరికే తిరిగేవి బోలెడుండగా, ఒకదాన్ని పనిగట్టుకుని కొని, కింద వెచ్చటి పలక వేసి, పురుగులు పెట్టి మేపడమేమిటని సందంతా నవ్వుకుంది. అత్త నవ్వలేదు. రోజూ మేడెక్కి అడిగింది. "ఇది నవ్వుతోందా, దీని మూతే అంతా? తోకలో ఏముంది? కొవ్వా? నాకూ కొవ్వుందిగా, మరి నాకు తోకలో ఎందుకు పోలేదు?" చదువైపోయి గది ఖాళీ చేసేటప్పుడు ఆ పిల్ల పెట్టె తెచ్చి అత్త చేతుల్లో పెట్టి, "ఇక దీన్నే అడుగు పెద్దమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అత్త దానికి తోంగ్ అని పేరు పెట్టుకుంది. తోంగ్ అంటే బంగారం.

కిందటి ఏప్రిల్ సెలవుల్లో అత్త స్నేహితురాళ్ళంతా కలిసి వ్యాను మాట్లాడుకుని వారం రోజులు సముద్రానికి బయల్దేరారు. అత్త జీవితంలో సముద్రం చూడలేదు. అదెంత ఉప్పగా ఉంటుంది, రాత్రిపూట కూడా అలలొస్తాయా, వచ్చిన నీళ్ళన్నీ వెనక్కే పోతాయా అని నెల ముందునుంచీ మా ప్రాణం తీసింది. మరి తోంగ్‌ని ఎవరు చూసుకుంటారు? నన్నే అడుగుతుందనుకున్నాను. ఆవిడ బండి పక్కనే నా పార్లరు, రోజుకు పదిసార్లు ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. తీరా చూస్తే పెట్టె తీసుకెళ్ళి ఎదురుగా కుట్టుమిషన్ ప్రయోంగ్ పెదనాన్న బల్లమీద పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "నేను పనికిరాలేదా అత్తా?"

"నీ దుకాణంలో జుట్టు ఎగురుతుంది కదే నోయ్? అది మింగేస్తే?"

ప్రయోంగ్ పెదనాన్న గురించి ఇక్కడ చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళుగా సందులో పిల్లలందరికీ బడి చొక్కాలు ఆయనే కుడుతున్నాడు. భార్యాబిడ్డలు లేరు, మిషనే ఆయన సంసారం. రెండేళ్ళుగా ఆ చొక్కాలకు ఏదో అయింది. ఒక జేబు గుండెమీద ఉంటే ఇంకో జేబు పొట్టమీద ఉంటోంది. కిందటేడు ఒక పిల్లాడి పేరు ఛాతీమీద కుట్టాల్సింది భుజంమీద కుట్టాడు. తల్లులు చొక్కాలు కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి, ఇంట్లో విప్పి మళ్ళీ కుట్టుకునేవారు. పెద్దాయన, నొచ్చుకుంటాడని ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు. నేనూ అంతే. ఆయన రోజూ సూది పట్టుకుని సందు దాటి నా దగ్గరికి వచ్చేవాడు. "ఈ కాలం సూదులకు కళ్ళే ఉండటంలేదమ్మా నోయ్, దారం ఎక్కించు" అనేవాడు. నేను ఎక్కించేదాన్ని. "అవును పెదనాన్నా, సూదులు పాడైపోయాయి" అనేదాన్ని.

లమున్ అత్త ఒక్కతే ఒకరోజు నలుగురిలో అడిగేసింది. "అన్నా, నీకు కళ్ళు కనిపించడంలేదా?"

పెదనాన్న మిషన్ ఆపి, లేచి, షట్టరు దించేశాడు. నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ పొంగణాలు కూడా మానేశాడు. ఆయనకవంటే ప్రాణం. అలాంటి మనిషి దగ్గరికి పెట్టె మోసుకుని వెళ్ళి, "అన్నా, బల్లిని చూసుకోవడం నీకు చేతనవుతుందా, కష్టమా?" అంది. చేతనవుతుందా అంటే ఆయన ఊరుకుంటాడా!

"ఎందుకు చేతకాదు? పెట్టు అక్కడ!"

"రోజు విడిచి రోజు నాలుగు పురుగులు వెయ్యాలి, గిన్నెలో నీళ్ళు మార్చాలి, గుర్తుంటుందా? పగలంతా పడుకుంటుంది, కంగారు పడవుగా? నేను ఫోన్ చేస్తే చెబుతావా?"

"చెబుతాలే, వెళ్ళు!"

వ్యాను ఊరు దాటకముందే ఫోన్ మోగింది. పెదనాన్న ఫోన్ మాట బయటికి వినపడేలా పెట్టుకుంటాడు. కాబట్టి నేను జుట్టు కత్తిరిస్తూ అంతా వినేదాన్ని. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా తల తిప్పి వినేవారు. ఆ వారం నావల్ల ఇద్దరికి చెవిదగ్గర వంకరగా తెగింది.

"అన్నా, తోంగ్ ఏం చేస్తోంది?"

"పడుకుంది."

"ఏ వైపు తిరిగి? కళ్ళు మూసుకుందా, తెరిచిందా? తోకమీద మచ్చలెన్ని?"

"మచ్చలు లెక్కపెట్టమన్లేదుగా నువ్వు!"

"ఇప్పుడు అడుగుతున్నాగా?"

మొహం పెట్టెకి ఆనించి చూశాడు. "పదకొండు" అన్నాడు పెదనాన్న.

"పొద్దున నేను లెక్కపెడితే పదిహేడున్నాయిగా?"

"అది కదిలింది లమున్! కదిలితే మచ్చలు కుదురుగా ఉంటాయా?"

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాలుక ఏ రంగు, ముందు ఏ కాలు వేస్తుంది, పురుగును చూసి తోక ఆడించిందా లేదా. పెదనాన్న పళ్ళు నూరుకుంటూ జవాబులు చెప్పేవాడు. మూడోరోజుకి ఫోన్ మోగితే చాలు, "వచ్చింది పోలీసు!" అనేవాడు. అయినా తీసేవాడు.

నాలుగోరోజు పొద్దున నేను తలుపు తీస్తుంటే వినిపించింది.

"అన్నా, రంగెలా ఉంది?"

"బాగుంది. పచ్చగా నిగనిగలాడుతోంది. మచ్చలు కాస్త పెరిగాయి."

"పెరిగాయా? ఎన్ని పెరిగాయి?"

"నిన్నటికంటే ఎక్కువే. ఎదిగే వయసు కదా."

సాయంత్రం మళ్ళీ. "తిందా?"

"నాలుగు పురుగులు వేశాను. తినలేదు. వాటితో స్నేహం చేసినట్టుంది, వీపుమీదికి ఎక్కించుకుని తిప్పుతోంది."

అవతల అత్త ఒక్క క్షణం ఆగింది. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఆవిడ ఆగడం నేనెప్పుడూ వినలేదు.

అయిదోరోజు మధ్యాహ్నం: "ఇవాళ బాగా నల్లబడింది లమున్. ముట్టుకుంటే మెత్తగా ఉంది. అదేంటోగానీ, నీ బల్లి దగ్గర తియ్యటి వాసన వస్తోంది."

"అన్నా," అంది అత్త చాలా నెమ్మదిగా, "నోయ్‌ని ఒకసారి పిలుస్తావా?"

నేను కత్తెర పట్టుకునే పరిగెత్తాను. గాజుపెట్టెలోకి తొంగి చూశాను. వెచ్చటి పలకమీద, తడి నాచు పక్కన, ఒక అరటిపండు పడుకుని ఉంది. ఆ పొట్టి రకం, బాగా మాగిన అరటిపండు. దాని వీపుమీద రెండు పురుగులు వాహ్యాళి చేస్తున్నాయి.

"నోయ్, ఎలా ఉంది?" ఫోన్‌లో అత్త.

నాకు నవ్వొచ్చింది. వెంటనే పెదనాన్న మొహం చూసి ఆపుకున్నాను. ఆయన పెట్టెవైపు మురిపెంగా చూస్తున్నాడు, పెట్టెకి జానెడు పక్కగా.

"అత్తా... ఇది అరటిపండు."

పెదనాన్న చెయ్యి పెట్టెలో పెట్టి, పండును వేళ్ళతో తడిమి, తొడిమ పట్టుకున్నాడు. మూడోరోజు గిన్నెలో నీళ్ళు మారుస్తూ తను పళ్ళు తింటున్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. మూత తీసి పెట్టి మరిచిన సంగతి కూడా. పండు లోపలికి జారి ఉంటుంది, బల్లి బయటికి పాకి ఉంటుంది.

"తోంగ్..." అన్నాడు.

దుకాణం నిండా మేలో బళ్ళు తెరిచేలోగా కుట్టాల్సిన చొక్కాల గుడ్డ, కత్తిరించిన ముక్కలు, పెట్టెలు, కట్టలు. నేను నేలమీద పాకుతూ బల్ల కింద, ఫ్రిజ్ వెనక వెతకడం మొదలుపెట్టాను. పెదనాన్న కూడా వంగి రెండడుగులు వేశాడు. అంతలో కాలు గాల్లో ఆపేశాడు. అలాగే నిలబడిపోయి, గోడ పట్టుకుని వెనక్కి జరిగి స్టూలుమీద కూర్చున్నాడు.

"నువ్వే వెతుకమ్మా. నేను తిరిగితే తొక్కేస్తాను." అరచేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, "నాకు కనిపించడంలేదు నోయ్. సూదుల తప్పేం లేదు" అన్నాడు.

రెండేళ్ళుగా మేమంతా మర్యాదకు మింగేసిన మాట అది. ఫోన్‌లోంచి అత్తే అంది.

"అన్నా, నువ్వేం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"కళ్ళు సరే, చేతులకేమైంది? ముప్ఫయ్యేళ్ళు గుడ్డ పట్టిన చేతులేనా అవి?"

పెదనాన్న ముక్కు తుడుచుకున్నాడు. ఇస్త్రీబల్ల కింద కత్తిరించిన ముక్కల గుట్ట ఉంది. దాని ముందు కూర్చుని ఒక్కొక్క ముక్కా తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఇది వీపుభాగం. ఇది కాలరు. ఇది జేబు. చూడకుండానే చెబుతున్నాడు, వేళ్ళు దీపాల్లా తిరుగుతున్నాయి. ఫోన్‌లో అత్త మొట్టమొదటిసారి ఏమీ అడగకుండా ఊరుకుంది. నలభయ్యో యాభయ్యో తీశాక, ఒక చొక్కా చెయ్యి పట్టుకుని ఆగాడు. అరచేతిలో తూచాడు.

"పొడుగు చెయ్యి కాదమ్మా ఇది, పొట్టి చెయ్యి. ఇంత బరువుండదు."

లోపల తోంగ్ ముడుచుకుని ఉంది. కుబుసం విడిచే సమయం వచ్చి ఒళ్ళంతా పాలిపోయి, తెల్లగుడ్డలో తెల్లగా. మంచి కళ్ళున్న నేను ఆ గుట్టను రెండుసార్లు చూసి వదిలేశాను.

"దొరికిందా?" అంది అత్త. "ఊపిరి తీస్తోందా? అన్నా, ఏడుస్తున్నావా?"

"నీకెందుకు!" అన్నాడు పెదనాన్న, ఏడుస్తూ.

ఏడోరోజు వ్యాను దిగీ దిగగానే అత్త తిన్నగా కుట్టుదుకాణంలోకి వెళ్ళింది. కుబుసం విడిచి కొత్త నాణెంలా మెరుస్తున్న తోంగ్‌ని చూసుకుంది. తర్వాత చేతిసంచిలోంచి ఒక కార్డు తీసి పెదనాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నాకిచ్చాడు. పెద్దాసుపత్రి కంటివిభాగంలో ప్రయోంగ్ పేర చూపించుకోవడానికి ఇచ్చిన తేదీ. మర్నాడే. కార్డు రాసిన తేదీ చూస్తే, అత్త సముద్రానికి బయల్దేరడానికి ముందురోజు.

"మనిషి రాకుండా కార్డెలా ఇచ్చారత్తా?"

"ఎందుకివ్వరు? ఆ నర్సును శుక్లాలు ఎలా వస్తాయి, తీస్తే ఎటు పోతాయి, తీసినవి ఎక్కడ దాస్తారని అడిగానా లేదా? గంటయ్యాక ఆవిడే పేరు రాసి చేతిలో పెట్టి, ఇక వెళ్ళమ్మా అనదా?"

అంటే ఆవిడకు ముందే తెలుసు. అడిగితే షట్టరు దించేసే మనిషి, తనంతట తనే ఒప్పుకోవాలని మచ్చలున్న బల్లిని తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళింది.

"తోంగ్‌కి ఏమైనా అయ్యుంటే?" అన్నాను.

అత్త మొహం చిన్నదైపోయింది. "ఆ మాట నేనెన్నిసార్లు అనుకున్నానో తెలుసా?"

"సముద్రమెలా ఉంది మరి?"

"నేనెక్కడ చూశాను? ఫోన్ చేతిలో పెట్టుకుని గదిలోనే కూర్చున్నాగా?"

పెదనాన్న అంతా విన్నాడు. నేను రాను అంటాడనుకున్నాను. "ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు.

ఒక కంటికి ఆపరేషనయింది, నెలకి రెండోదానికి. కట్టు విప్పిన మర్నాడు ఆయన దుకాణంలో వేలాడుతున్న చొక్కాలన్నీ దించి వెలుగులో పట్టుకుని చూశాడు. "ఎవడు కుట్టాడే ఇవి?" అని సందంతా వినపడేలా అరిచాడు. మేమంతా తలలు దించి పనుల్లో పడ్డాం. రెండేళ్ళలో కుట్టినవన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకుని విప్పి కుట్టాడు. పొట్టివైపోయిన చొక్కాలు కూడా వదల్లేదు.

ఆ తర్వాత లమున్ అత్తను పిలిచి, పువ్వుల గుడ్డతో జాకెట్టు కుడతానని నిలబెట్టి కొలతలు తీశాడు. నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. నోటినిండా గుండుసూదులు పెట్టుకున్న మనిషిని ఆవిడ పద్నాలుగు ప్రశ్నలడిగింది. మెడ లోతుగా పెడుతున్నావా? ఈ పువ్వు పేరేంటి? నేను లావయ్యానా, టేపు కుదించుకుపోయిందా? అన్నిటికీ ఆయన "ఊఁ" అన్నాడు.

"వచ్చే సెలవుల్లో మళ్ళీ సముద్రానికి వెళ్తున్నారట, ఈసారి తోంగ్‌ని నాతో తీసుకుపోనా అన్నా?"

పెదనాన్న చేతులు ఆగాయి. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి చిన్న గుడ్డదిండుకు గుచ్చాడు. చివరి సూది కూడా గుచ్చాక తలెత్తి ఆవిడ వంక చూశాడు.

"ఇక్కడే వదిలి వెళ్ళు. వెళ్ళి సముద్రం చూడు." మళ్ళీ టేపు అందుకున్నాడు. "ఫోన్ మాత్రం చెయ్యి. మూడుపూటలా."