అమ్మ రుద్దిన మెట్లు

ఎం.జి. రోడ్డు దగ్గరి ఆ పాత టవర్‌ను హోటల్‌గా మార్చే పని మా ఆఫీసుకు వచ్చిందని చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. "నా మెట్లు ఉండాయా పాపా?" అని అడిగింది.

బెంగళూరులో అంత ఎత్తు కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో, పెళ్లి కాకముందు, అమ్మ అక్కడ కూలిపని చేసింది. మొజాయిక్ గచ్చును మిషనుతో పాలిష్ పట్టేవాళ్లు. మెట్ల మీద మిషను నిలవదు. అక్కడ ఆడకూలీలు కూర్చుని, నీళ్లు పోసుకుంటూ, నల్లరాయితో రుద్దాలి. కింది నుంచి పై అంతస్తు దాకా రుద్దానని చెప్పేటప్పుడు అమ్మ గొంతులో పలికే గర్వం నా డిగ్రీ గురించి నాకెప్పుడూ లేదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఆర్కిటెక్టుల ఆఫీసులో ఆ మార్పుల డ్రాయింగులు గీసింది నేనే. మెట్లకు గ్రానైట్ వేయమని హోటల్ వాళ్లు అడిగారు. "పాతవి ఉంచుదామా? ఎవరైనా ఏమైనా చెప్తారా?" అని మా బాస్ మీటింగులో అడిగాడు కూడా. నేను గ్రానైట్ రేట్ల కాగితం తిప్పుతూ కూర్చున్నాను. ఉంచుదామంటే ఎందుకంటాడు. మా అమ్మ ఏనాడూ గడప దాటి పని చేయలేదని పన్నెండేళ్లుగా ఆఫీసులో చెప్పుకొస్తున్నదాన్ని. సిగ్గు. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోను. మెట్లు పగలగొట్టమని డ్రాయింగులో రాసింది ఈ చెయ్యే. ఇంటికొచ్చి మాత్రం, "ఉన్నాయమ్మా, అలాగే ఉన్నాయి" అన్నాను.

హోటల్ తెరిచాక మా ఆఫీసు వాళ్లను కుటుంబాలతో టీకి పిలిచారు. అమ్మను ఆపడానికి నాకు తోచిన సాకులన్నీ చెప్పాను. వినలేదు. పట్టుచీర కట్టుకుని కె.ఆర్.పురం నుంచి దారంతా మెట్ల ముచ్చట్లే చెప్పింది.

లోపలికి వెళ్లగానే లిఫ్టు వద్దంది. చెప్పులు విడిచి, మొదటి మెట్టు మీద కూర్చుని అరచేత్తో నిమిరింది. పై మెట్టు కూడా నిమిరింది. తర్వాత నా వైపు చూసింది. తిట్టి ఉంటే అక్కడే కాళ్లు పట్టుకునేదాన్ని.

అప్పుడే మా బాస్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి, మర్యాదస్తుడు. "నమస్తే అమ్మా. ఈ బిల్డింగ్‌లోకి రావడం ఫస్ట్ టైమా?" అన్నాడు.

అమ్మ లేచి చీర సర్దుకుంది. నా ముఖంలో భయం కనబడి ఉంటుంది.

"అవునప్పా, ఇదే మొదులు. ఇట్లాంటి చోట మాకేం పని ఉంటాది?" అంది.

నేను పక్కనే నిలబడి, నవ్వుతూ తల ఊపాను.